తెర మీద మచ్చ

హేవన్ పుట్టింటి తలుపు తీసేసరికి వంటింట్లోంచి, పుట్టినరోజులకి కాచే సముద్రపు నాచు సూప్ వాసన వస్తోంది. ఇవాళ నాన్న దక్సు పుట్టినరోజు, డెబ్బై నిండాయి. గుమ్మంలో బూట్లు విప్పి, రైల్లో ఒళ్ళో పెట్టుకుని తెచ్చిన బియ్యప్పిండి కేకు పెట్టెను అమ్మ ఒక్సున్ చేతికిచ్చింది. రమ్మని కబురు పెట్టింది అమ్మే. ఆ సంగతి నాన్నకి చెప్పలేదట. చెబితే పొద్దున్నే చేపలు పట్టే వంకతో చెరువుకి వెళ్ళిపోయేవారట.

దక్సు కొరియాలో ఆసాన్ అనే ఊళ్ళోని ఫోన్ తెరల ఫ్యాక్టరీలో, పరీక్ష గదిలోనే తల నెరిసిన మనిషి. ఆ తెరల్లో ప్రతి చుక్కా తన వెలుగు తానే ఇచ్చుకుంటుంది. ఒకే బొమ్మను ఎక్కువకాలం నిలిపి ఉంచితే ఆ చుక్కలు అరిగిపోయి, బొమ్మ తీసేసినా దాని నీడ మచ్చలా మిగిలిపోతుంది. తెరంతా బూడిద రంగు నింపి ఆ మచ్చల్ని పట్టడమే ఆయన పని. ఇంట్లో టీవీలో బొమ్మ కాసేపు కదలకపోతే తింటున్నవాడు కూడా లేచి ఆపేసేవాడు. కూతురు చదువుకుని అదే ఫ్యాక్టరీలో ఇంజనీరుగా చేరిన రోజున పాత మిత్రులందరికీ పంది మాంసం విందు ఇచ్చాడు. ఆ కూతురే నిరుడు ఉద్యోగం వదిలేసి, పక్క ఊరు చొనాన్‌లో రైల్వే స్టేషన్ దగ్గర పగిలిన తెరలు మార్చే చిన్న దుకాణం పెట్టుకుంది. అప్పటినుంచీ ఆయన మాట్లాడటం మానేశాడు.

ఇవాళా అంతే. బల్ల దగ్గర కూర్చుని, కూతురు ఎదురుగానే ఉన్నా భార్యనే అడిగాడు.

"ఎవరొచ్చారు?"

"మీ కూతురు. కళ్ళజోడు పెట్టుకుంటే కనిపిస్తుంది."

"నాకు కూతురుందని ఎవరన్నారు?"

హేవన్ వంగి దండం పెట్టి శుభాకాంక్షలు చెప్పింది. ఆయన సూప్‌లోకి చూస్తూ కూర్చున్నాడు. చెప్పకూడదనుకుంటూనే ఆమె దుకాణం గురించి చెప్పింది. గిరాకీ బాగుందనీ, ఒక్కసారి వచ్చి చూడమనీ అడిగింది. అంతే, ఆయన చెంచా కింద పెట్టేశాడు.

"ఒక్క మచ్చ లేని తెర బయటికి పంపాలని నా జీవితమంతా ధారపోశాను. నువ్వేమో గాజు పెంకులు ఏరుకుంటానని వెళ్ళావు."

"ఫ్యాక్టరీలో నాకు తెరలే కనిపించేవి నాన్నా. దుకాణంలో మనుషులు కనిపిస్తారు. చచ్చిందనుకున్న ఫోన్ వెలగ్గానే వాళ్ళ మొహాలు వెలగడం మీరు చూడాలి."

"నేనెందుకు చూస్తాను? నీ ఫోటోలన్నీ ఫోన్లోంచి తీసేశాను. కావాలంటే మీ అమ్మనడుగు."

హేవన్ అమ్మ వైపు చూసింది. ఒక్సున్ తల దించుకుంది. అంటే నిజమే. హేవన్ లేచి, గుమ్మంలో కూర్చుని బూట్లు తొడుక్కోసాగింది. లేసు ముడి ఎంతకీ పడటం లేదు.

ఒక్సున్ భర్త ఫోన్ పట్టుకుని వెనకే వచ్చింది. పోయేదానివి ఇదొక్కటీ చూసి పో, ఏ పాట పెట్టినా పాడేవాళ్ళ మొహం మీద ఏదో మరక కనిపిస్తోంది అంది.

"దానికేం రోగం లేదు, ఇలా తే!" లోపలినుంచి దక్సు కేక వేశాడు.

ఆయన మోకాళ్ళు పట్టుకుని లేచేలోపే హేవన్ చేతి అలవాటుకొద్దీ తెరంతా బూడిద రంగు నింపేసింది. ఆ బూడిదలో సన్నగా ఒక మొహం తేలింది. గుండ్రటి బుగ్గలు, బుగ్గ పక్కన ఎత్తిన రెండు వేళ్ళు, తలకి పైన దుకాణం బోర్డు. తను దుకాణం తెరిచిన రోజున అమ్మకి పంపిన ఫోటో అది. బోర్డు మీద అక్షరాలు కూడా చదవడానికి వస్తున్నాయి. సెట్టింగులు చూసింది. వెలుగు పూర్తిగా పెంచి ఉంది. తెర దానంతటది ఆరిపోకుండా పెట్టి ఉంది.

"నాన్నా, ఇది ఎన్నాళ్ళు వెలిగించి ఉంచారు?"

దక్సు గుమ్మం దాకా వచ్చి ఆగిపోయాడు. "పరీక్ష," అన్నాడు. "ఈ కొత్త తెరలు ఏమాత్రం నిలుస్తాయో చూద్దామని పెట్టాను."

"రోజూ దిండుకి ఆనించి పెట్టుకుని పడుకోవడం కూడా పరీక్షేనా?" అంది ఒక్సున్. "మొన్న నువ్వొస్తావేమోనని అనుమానం వచ్చి ఫోటో తీసేశారు. అది పోయింది గానీ నువ్వు పోలేదు."

హేవన్‌కి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ముక్కు తుడుచుకుంటూ, తెర అరిగిపోయింది, ఇవాళే కొత్తది వేసిస్తాను అంది.

"ముట్టుకోకు. నా ఫోన్ నాకు బాగానే ఉంది," అన్నాడు దక్సు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "అయినా ఇంత వెలుతుర్లో పెట్టి చూస్తే మచ్చ ఏం తెలుస్తుంది? మీ దుకాణంలో ఇలాగే చూస్తావా?"

వెళ్ళి కిటికీ తెరలన్నీ దగ్గరికి లాగాడు. చీకటైన గదిలో కూతురి పక్కన నేల మీద కూర్చుని, కళ్ళజోడు పెట్టుకుని ఫోన్ ఆమె చేతిలోంచి తీసుకున్నాడు. ఒక్సున్ కూడా తల దూర్చింది. సూప్ చల్లారిపోతోందన్న ధ్యాస ఆమెకి కూడా లేదు.

"ఇదిగో, ఈ బుగ్గ దగ్గర చూడు," అన్నాడు దక్సు, తెరకి తగలకుండా చిటికెన వేలితో చూపిస్తూ. "ఇక్కడే ఎక్కువ అరిగింది. నవ్వుతున్నావు కదా. వెలుగంతా ఇక్కడే ఉంది."