కోసేసిన ముప్పై సెకన్లు

కౌసల్యమ్మ ఉప్పల్‌లోని డిటెక్టివ్ ఉదయశ్రీ ఆఫీసుకు వచ్చి, కూర్చోమన్నా కూర్చోలేదు. నాచారం ఫ్యాక్టరీలో ఆమె భర్త హన్మయ్య ప్రెస్ మిషన్ కింద నలిగి చనిపోయి ఇరవై రోజులైంది. మిషన్‌కు అడ్డంగా ఉండే ఇనుప జాలీని అతనే ఎత్తాడని పోలీసులు రాసుకున్నారు. సాక్ష్యం, ఎత్తి ఉన్న జాలీ దగ్గర అతను ఒక్కడే కనిపించే నలభై సెకన్ల కెమెరా వీడియో. అక్కడే సూపర్‌వైజరైన ఆమె తమ్ముడు సురేష్ కూడా కేసు వదిలేయమంటున్నాడు.

"గా మిషన్ మీదనే పదహారేండ్లు జేసిండు మేడం. జాలీ ఎత్తెటోడు కాదు."

పోలీసులకిచ్చిన వీడియో నకలును ఉదయశ్రీ తన అసిస్టెంట్ తేజేష్‌కు అందించింది. అది ఎఫ్‌ఎల్‌వీ ఫైలు. ఒకప్పుడు వెబ్‌సైట్లు వాడి వదిలేసిన రకం. ఫోన్‌లో తెరుచుకోలేదు. ఫోన్‌లో ఆడే ఎంపీ4గా మారుస్తుండగా తేజేష్‌కు అనుమానం వచ్చింది. ఫైలులో రాసి ఉన్న నిడివి డెబ్బై సెకన్లు, ఆడేది నలభై. ముందు భాగం ఎవరో కోశారు.

మర్నాడు సురేష్‌తో సహా అందరూ ఫ్యాక్టరీ మేనేజర్ గిరిప్రసాద్ గదిలో కూర్చున్నారు. మమ్మల్ని అడగడానికి మీరెవరని అతను కసురుకున్నాడు. ఫైలు తెరుచుకోక, మార్చమని సురేష్‌కు ఇచ్చానని, తెచ్చింది తెచ్చినట్టే పోలీసులకు అందించానని చెప్పాడు.

సురేష్ తేజేష్ వైపు కొట్టేలా చూశాడు. "ఎంపీ4 జేసి ఇచ్చిన. కోసుడు గీసుడు నాకు తెల్వదు. అక్కా, వీళ్లను తీస్కొని పో."

"నువ్వు మార్చి ఉంటే, పోలీసుల దగ్గర ఇంకా ఎఫ్‌ఎల్‌వీ ఎందుకుంది?" అంది ఉదయశ్రీ. "పాత రకంలోనే ఉంచితే కెమెరా నుంచి నేరుగా వచ్చిందని నమ్ముతారనుకున్నావు. కోశావు, మార్చలేదు. పాత నిడివి మాత్రం లోపలే మిగిలిపోయింది."

అసలు వీడియో మేనేజర్ బీరువాలోని కెమెరా రికార్డర్‌లో ఉంది. తాళం అతని దగ్గరే. ఆమె పట్టుబట్టాక గిరిప్రసాద్ తీశాడు. తెర మీద సురేష్ జాలీని పైకెత్తి తీగతో కట్టాడు. హన్మయ్య తల అడ్డంగా ఊపాడు. సురేష్ అతని కాలర్ పట్టి మిషన్ ముందుకు నెట్టాడు.

"టార్గెట్ ఉండె అక్కా," అన్నాడు సురేష్. "జాలీ ఉంటే పని సాగది. సస్తడనుకోలే."

కౌసల్యమ్మ ఏడవలేదు. "దవాఖానాల నన్ను పట్టుకొని ఏడ్సింది నువ్వే గదరా."

తర్వాత తేజేష్ వైపు తిరిగింది. "బాబూ, జర మొత్తం నా ఫోన్ల ఎక్కియ్యి. ఠాణాల నేనే సూపిస్త. నా మొగుని తప్పు లేదని రాయించినంకనే ఇంటికి పోత."

తేజేష్ నకలు ఎక్కించి ఇచ్చాడు. సురేష్ తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు. ఆమె ఆగకుండా నడిచింది. ఆఖరి అడుగులో అతనే పక్కకు తప్పుకున్నాడు.