పరదేశి పిలిస్తే పలకని ఊరు

చోడవరం చక్కెర ఫ్యాక్టరీలో క్రషింగ్ మొదలవడంతో చాలామంది కూలీలు చెరుకు కోతల్లో పడ్డారు. విశాఖపట్నంలో అపార్టుమెంటు కట్టిస్తున్న కాంట్రాక్టరు మాత్రం సోమవారానికల్లా ఇరవైమంది కావాలన్నాడు. మేస్త్రీ పరదేశి తెల్లవారగానే చీడికాడ దగ్గరి ఓ ఊరికి మోపెడ్ మీద బయలుదేరాడు.

అతను వీధి మొదట్లో నిలబడి పేర్లు పిలిస్తే ఎప్పుడూ పదిమందైనా వచ్చేవారు. ఈరోజు పొయ్యిల పొగ లేస్తోంది. తలుపుల వెనక గాజుల చప్పుడు వినిపిస్తోంది. పిలిచిన ఒక్కరూ పలకలేదు.

అరుగు మీద అచ్చియ్యమ్మ ఒక్కతే కూర్చుని ఉంది. ఆమె కొడుకు పెదబాబు రెండు నెలల కిందట పరదేశి పనిలోనే స్లాబు కూలి చనిపోయాడు. స్లాబు కింది కర్రలు పెదబాబే తొందరపడి లాగేశాడని పరదేశి అందరికీ చెప్పాడు.

“పేరెట్టి పిలవకు బాబూ” అందామె. “నువ్వు పట్నంలో ఉన్నరోజున కూడా నీ గొంతు ఈ ఈదిలో పిలుస్తంది. పలికినోడు మా పెదబాబు దగ్గరికే పోతాడని అందరికీ బయం.”

పరదేశి విసురుగా ఇంటికొచ్చాడు. “కూలీలు దొరకలేదు. మన పిల్లోడు రాముని పనికి తీసుకుపోతాను” అన్నాడు.

భార్య నూకరత్నం గుమ్మానికి అడ్డం నిలబడింది. “పొద్దున్న నువ్వెళ్ళిన గంటకి, బయట నీ గొంతు ‘ఒరే రామూ’ అని మూడుసార్లు పిలిచింది. ఆడు పలకబోతే నోరు మూసేసేను. తలుపు తీస్తే ఎవులూ లేరు.”

“నీకూ పిచ్చి పట్టిందేటి?”

“పట్టిందనుకో. ఒక్కటి సెప్పు. ఆ కర్రలు లాగమన్నదెవులు?”

లోపల మంచం మీద కొడుకు బిక్కచచ్చి కూర్చుని ఉన్నాడు. వాణ్ణి చూసేసరికి పరదేశి మోపెడ్ తాళం తీసి నూకరత్నం చేతిలో పెట్టేశాడు.

“నానే. కాంట్రాక్టరు తొందరపెట్టేడు. స్లాబు ఇంకా పచ్చిగుంది, నాలుగురోజులాగుదాం మేస్త్రీ అన్నాడు పెదబాబు. నానే ఆణ్ణి పేరెట్టి లోపలికి పిలిచేను.”

“సెప్పాల్సింది నాకు కాదు. పద” అంది నూకరత్నం.

మధ్యాహ్నం ఇద్దరూ అచ్చియ్యమ్మ అరుగు ముందు నిలబడ్డారు. పరదేశి జరిగింది జరిగినట్టు వీధంతా వినేలా చెప్పాడు. ఒక్కో తలుపూ తెరుచుకుంది. తిట్లకోసం అతను తల వంచుకున్నాడు.

“ఆ పొద్దున్న నా బిడ్డ అన్నం తిన్నాడా?” అనడిగింది అచ్చియ్యమ్మ.

“తిన్నాడమ్మా. ఉల్లిపాయ నంజుకుని, నా పక్కనే కూకుని తిన్నాడు.”

“తిన్నాడు గదా, సాలు. ఆ కర్రలు లాగడంలో ఆడి తప్పు లేదన్నమాట.”

రెండు నెలలుగా చెమ్మ ఎరగని ఆ కళ్ళు ఒక్కసారిగా నిండాయి. నూకరత్నం ఆమెను పొదివి పట్టుకుంది. పరదేశి ఆమె కాళ్ళమీద పడి వెక్కి వెక్కి ఏడుస్తుంటే, అచ్చియ్యమ్మ తన పాదాలు వెనక్కి తీసుకోలేదు.