క్రషర్ మలుపులో రెండు కళ్ళు

క్రషర్ మలుపు పేరెత్తితే డ్రైవర్లు గొంతు తగ్గిస్తారు.

రాళ్ళ క్రషర్ దాటాక రోడ్డు ఒక్కసారిగా కిందికి దిగి, కల్వర్టు మీదుగా ఎడమకి తిరుగుతుంది. అక్కడ వీధి దీపం లేదు. చీకటి పడ్డాక ఆ కల్వర్టు గోడ మీద ఒకడు కూర్చుంటాడట. ఎప్పుడో కంకర లారీ మీంచి పడి చచ్చిపోయిన క్లీనరు... వాడికి తల లేదట. ఒళ్ళో కంకర పోసుకుని, వచ్చే పోయే కార్ల మీద ఒక్కో రాయీ విసురుతాడట.

టక్... అంతే. తెల్లారేసరికి ముందద్దం ఈ చివర్నించి ఆ చివరిదాకా చీలిపోతుందట.

తల లేనివాడికి గురి ఎలా కుదురుతుందని ఒక్క దద్దమ్మా అడగడు.

నలభై రెండేళ్ళుగా కార్లకి అద్దాలు బిగిస్తున్నాను. ఆ మలుపులో పగిలిన ప్రతి అద్దంతోనూ అదే పాట నా షాపుకొస్తుంది — దెయ్యం కొట్టిందండీ! ముందు లారీ ఉందా, అంటాను. ఉందండీ. టార్పాలిన్ కప్పారా? లేదండీ. నువ్వు దాని వెనక ఎంత దూరంలో ఉన్నావు?... అక్కడికి నేల చూపులు మొదలు. కంకర లారీ తోకకి మూతి ఆనించి పోయేవాడి మీద రాళ్ళు కాక పూలు పడతాయా?

పోనీ, దెబ్బ తగిలిన రోజే తెస్తారా అంటే అదీ లేదు. దెబ్బ మినపగింజంత ఉన్నప్పుడే సూదితో జిగురుమందు నింపితే చీలిక అక్కడితో ఆగుతుంది. వీళ్ళు దాని మీద గోళ్ళరంగు పూస్తారు. పళ్ళపేస్టు పూస్తారు. ఒకాయన పెద్ద ఉద్యోగస్థుడు, పాప బొమ్మల పుస్తకంలోంచి సీతాకోకచిలుక చింపి అంటించుకొచ్చాడు. చలికి బిగుసుకున్న అద్దం మీదికి లోపల్నించి భగభగా వేడిగాలి వదిలితే చీలక ఏం చేస్తుంది? చీలిందా — ఇంకేముంది, దెయ్యం.

ఈ మొత్తం మందకి పెద్ద తలకాయ మా చెల్లెలి మొగుడు.

వాడు టాక్సీ తోలతాడు. పదో తరగతి పాసయ్యానని ఇప్పటికీ చెప్పుకుంటాడు. హారన్ మీంచి చెయ్యి తియ్యడు కాబట్టి స్టాండులో అందరూ 'పీపీ' అంటారు. పదకొండేళ్ళ కింద నన్ను కాదని ఎవడి దగ్గరో చవకలో ముందద్దం వేయించుకున్నాడు. అంతటితో ఊరుకోక మా ఇంటికొచ్చి, నా పళ్ళెం ఎదురుగా కూర్చుని, "అద్దం అద్దమే కదా బావగారూ, మీ చెయ్యి పడితే బంగారమవుద్దా?" అన్నాడు. నవ్వుతూ అన్నాడు. పళ్ళెం పక్కకి నెట్టి లేచాను. చచ్చేదాకా వీడితో నోరు విప్పనని ఆ ఎంగిలి చేత్తోనే ఒట్టేశాను. ఆ చవక అద్దం మూడోనెల వానకి కారింది. ఏడోనెల స్పీడు బ్రేకరు దగ్గర చట్రంలోంచి లేచింది. నేను ఒక్క మాట అనలేదు. అనడానికి ఒట్టుంది కదా.

వాడికి ఒక్కతే కూతురు. నా మేనకోడలు. నేను 'పంతులమ్మా' అని పిలుస్తాను. మూడో తరగతిలో ఉండగా బడి వదిలాక వాళ్ళమ్మ వచ్చేదాకా నా షాపులో కూర్చునేది. రసీదు మీద నేను వేలిముద్ర వెయ్యడం చూసి పకపకా నవ్వింది. మర్నాడు పలక పట్టుకొచ్చింది. నాకొచ్చిన నాలుగక్షరాలూ అది పెట్టిన భిక్షే. తిట్టి మరీ నేర్పింది.

"తలకట్టేది మామయ్యా? మళ్ళీ మర్చిపోయావు!"

"నాది బట్టతల. నా అక్షరాలకి మాత్రం తలకట్టెందుకే?"

ఇప్పుడది క్రషర్‌కి అవతల రక్తపరీక్షల ల్యాబులో పని చేస్తోంది. సాయంత్రం పని దిగాక వాళ్ళ నాన్న టాక్సీలో, ముందు సీట్లో కూర్చుని ఇంటికొస్తుంది. రోజూ ఆ మలుపు మీదుగానే.

ఈ వానాకాలం మొదట్లో అదే మలుపులో వాడి అద్దం మళ్ళీ పగిలింది. మళ్ళీ చవక కొట్టుకే పోయేవాడు. పిల్ల అడ్డం తిరిగింది. "మామయ్య బిగిస్తేనే ఎక్కుతాను. లేకపోతే బస్సులో పోతాను" అంది.

కారు నా షాపుకి వచ్చింది. వాడు లోపలికి రాలేదు. గుమ్మానికి అవతల, నాకు అయిదడుగుల దూరంలో, వీపు ఇటు పెట్టి నిలబడ్డాడు. పిల్ల మధ్యలో.

"పంతులమ్మా, మీ నాన్నతో చెప్పు. జిగురు ఆరాలి. రేపు సాయంత్రం దాకా బండి కదపకూడదు."

"నాన్నా, రేపు సాయంత్రం దాకా..."

"వినపడింది. నాకేం చెవుడా? మీ మామయ్యని అడుగు, అప్పటిదాకా నా బేరాలు ఆయన తోలతాడా అని."

"రెండ్రోజులు తలుపు దడాలున వెయ్యొద్దని చెప్పు. పక్కద్దం వేలెడు సందు వదలమను. లోపలి గాలి కొత్త అద్దాన్ని తన్నుతుంది."

"వానలో సందు వదిలితే సీటు తడవదా? ఆయనొచ్చి తుడుస్తాడా?"

"అన్నిటికంటే ముఖ్యం... కంకర లారీ కనపడితే వెనక పడొద్దని చెప్పు. ముందు సీట్లో నువ్వుంటావు."

దానికి వాడు వీధిలోకి చూస్తూ నవ్వాడు. "దెయ్యానికి దగ్గరేమిటి, దూరమేమిటి! ఎక్కణ్ణించైనా కొడుతుంది. అద్దాలు బిగించుకునేవాళ్ళు డ్రైవింగు నేర్పుతున్నారు, కాలం మారింది" అని ఎదురుగా ఉన్న టీకొట్టుకి పోయాడు.

పిల్ల నా మొహం చూసింది. మర్నాడు సాయంత్రం వాడొచ్చేదాకా జిగురు ఆరనిచ్చి, డ్రైవరు సీట్లో కూర్చుని, సబ్బునీళ్ళ బకెట్టు పక్కన పెట్టుకుని అద్దం లోపలివైపు ఒకసారి చూసుకుని, తాళాలు టీకొట్టువాడి చేతికిచ్చాను.

ఆ సాయంత్రం జరిగింది పిల్ల చెప్పినదీ, వాడు ఊరంతా చెప్పుకున్నదీ కలిపి చెబుతున్నాను.

ఏడున్నర దాటింది. వాన కుమ్మేస్తోంది. వాడు అద్దాలన్నీ బిగించేశాడు. వేలెడు కాదు, వెంట్రుకంత సందు కూడా లేదు.

"ఏసీ వెయ్యి నాన్నా, ఆవిరి పడుతోంది."

"పెట్రోలు కుళాయిలో వస్తోందా?"

అద్దం తెల్లగా మూసుకుపోయింది. వాడు స్టీరింగు దగ్గర గుప్పెడంత చోటు మట్టుకు తుడిచి, ఆ బొక్కలోంచి చూస్తూ తోలుతున్నాడు. మహా మొనగాడు!

క్రషర్ దాటారు. పల్లం మొదలైంది. ముందు ఒక కంకర లారీ — గుట్టలా నింపారు, మీద గుడ్డముక్క లేదు. దాన్ని దాటాలని వీడు హారన్ మీద హారన్. దగ్గరికి... ఇంకా దగ్గరికి...

లారీ కల్వర్టు ఎక్కింది. దాని వెనక ఎర్రదీపాలు పైకి లేచాయి.

అప్పుడు... తెల్లటి ఆవిరిలో... వాడి కళ్ళకి ఎదురుగా... రెండు గుండ్రటి కళ్ళు తెరుచుకున్నాయి.

ఎర్రగా.

ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. పక్కనే వంకర తిరిగిన చెయ్యి ఒకటి — రమ్మంటోందో, ఆగమంటోందో... లారీకి దగ్గరయ్యే కొద్దీ ఆ కళ్ళు ఇంకా ఇంకా ఎర్రబడుతున్నాయి. రెప్ప లేదు. మొహం లేదు. తల లేదు.

"అ... అమ్మడూ... అద్దంలో..."

హారన్ మీంచి చెయ్యి జారింది. కాలు బ్రేకు మీద బిగుసుకుంది. కారు కీచుమని, పక్కకి జారి ఆగింది.

ఆగిందో లేదో... ముందు ధడాలుమని ఇనుప చప్పుడు. లారీ వెనక తలుపు ఊడి వేలాడింది. బండెడు రాళ్ళు రోడ్డు మీద కుప్పకూలాయి. ఎగిరిన ముక్కొకటి అద్దం మూలకి — టక్. పుచ్చకాయంత రాయి ఒకటి దొర్లుకుంటూ, దొర్లుకుంటూ వచ్చి ముందు చక్రానికి ఆనుకుని నిలబడింది.

ఇంకో రెండు క్షణాలు ఆలస్యమైతే ఆ కుప్ప రోడ్డు మీద పడేది కాదు. ముందు సీట్ల మీద పడేది.

లారీవాడు ఆగలేదు. ఎర్రదీపాలు మలుపు తిరిగిపోయాయి. అద్దంలో కళ్ళు మెల్లగా... మెల్లగా ఆరిపోయాయి.

మర్నాడు పొద్దున్నే వీడు నా షాపుకి ఎదురుగా, టీకొట్టు బల్ల మీద కూర్చుని, నాకు వినపడేలా పురాణం మొదలెట్టాడు. క్లీనరు కనపడ్డాడట. తల లేదట, కళ్ళు మాత్రం ఉన్నాయట.

నేను వాడితో మాట్లాడను కాబట్టి టీకొట్టువాణ్ణి అడిగాను. "ఏమయ్యా, తల లేనివాడికి కళ్ళు మోకాళ్ళ మీద మొలిచాయా?"

టీకొట్టువాడు పొంగుతున్న పాలు వదిలేసి నవ్వాడు. పీపీ నవ్వలేదు. గ్లాసు కింద పెట్టాడు. "ఎవరేమన్నా అనుకోండి. నా కూతుర్ని కాపాడాడు. ఇక ఈ జన్మలో లారీ వెనక పడితే ఒట్టు. ఆ కళ్ళు ఎర్రబడకూడదు... అంతే" అన్నాడు.

ఇరవయ్యేళ్ళు డ్రైవరుగా బతికి నేర్చుకోనిది, పదకొండేళ్ళు నా వీపు చూసి నేర్చుకోనిది, తల లేనివాడి దగ్గర నేర్చుకొచ్చాడు.

మధ్యాహ్నం పిల్ల కారు తెచ్చింది. మూలన మినపగింజంత దెబ్బ. తగిలిన మర్నాడే తెచ్చింది, నా పెంపకం. మందు నింపుతుంటే ఆ పుచ్చకాయంత రాయి సంగతి చేతులు చాచి చూపించింది. నా చేతిలో సూది ఒకసారి పక్కకి పోయింది. పాత సూది, మార్చాలి.

"మామయ్యా, ఇలా వచ్చి కూర్చో" అంది, కారులోంచి.

కూర్చున్నాను. తలుపు మెల్లగా వేసింది. అద్దాలన్నీ ఎత్తేసింది. ముందద్దానికి మొహం దగ్గరగా పెట్టి, "హా..." అని ఊదింది.

తెల్లటి ఆవిరి పరుచుకుంది.

అందులో... రెండు కళ్ళు తెరుచుకున్నాయి.

"నాన్నకి కళ్ళే కనపడ్డాయి" అంది నెమ్మదిగా. "నేను మొత్తం చదివాను. 'దూరం'. ద-కి తలకట్టు లేదు. ర-కి తలకట్టు లేదు. అందుకే ర, సున్నా రెండు కళ్ళలా ఉన్నాయి. ద కొమ్ము వంకర చెయ్యిలా ఉంది. ఇలా రాసే దెయ్యం ఈ లోకంలో ఒక్కటే ఉంది. దానికి పలక తెచ్చిచ్చింది నేనే."

ఇక దాచేదేముంది? సబ్బునీళ్ళ వేలితో గాజు మీద రాసి ఆరనిస్తే కంటికి ఆనదు. ఆవిరి పడితే మట్టుకు రాసిన చోట గాజు తేటగా నిలుస్తుంది. వేలెడు సందు వదిలి ఉంటే వాడికి ఆవిరీ ఉండేది కాదు, దెయ్యమూ ఉండేది కాదు. చెప్పిన మాట వినడని నాకు తెలుసు.

"మరి ఒట్టో?"

"ఒట్టు నోటికి వేశాను. వేలికి వెయ్యలేదు."

పిల్ల నవ్వలేదు. కళ్ళు తుడుచుకుంది. తరవాత చూపుడువేలు చాచి ద మీద ఒకటి, ర మీద ఒకటి — టిక్కు, టిక్కు — తలకట్లు పెట్టింది. "ఇప్పుడు బాగుంది. నాన్నని పిలిచి చూపిస్తా. పదకొండేళ్ళు చాలదా మామయ్యా?"

బయట టీకొట్టు దగ్గర వాడు ఇంకెవరికో రెండు చేతుల వేళ్ళూ సున్నాలు చుట్టి కళ్ళు చూపిస్తున్నాడు.

నేను భుజం మీద గుడ్డ తీసి అద్దమంతా తుడిచేశాను. రెండక్షరాలూ, వాటి తలకట్లూ అన్నీ పోయాయి.

"అయ్యో! ఎందుకు తుడిచావు?"

"తలకట్టు పెడితే మీ నాన్న చదివేస్తాడే. నేను రాశానని తెలిస్తే రేపట్నించి మళ్ళీ లారీ తోకకి మూతి ఆనిస్తాడు."

బకెట్టు దగ్గరికి లాక్కున్నాను. వేలు ముంచాను. పిల్ల చూస్తుండగా, నిదానంగా, రెండక్షరాలూ మళ్ళీ రాశాను.

తల లేకుండా.