మూతి బిగించని యాభై తూటాలు

ధన్!

కొండ అవతల్నుంచి ఒకే ఒక్క దెబ్బ.

ఆర్విడ్ కాలు బ్రేకు మీద పడుతుంది. పికప్ ట్రక్కు కంకర మీద సర్రున జారి, అడ్డంగా తిరిగి, గుంట అంచున ఆగుతుంది.

రైఫిల్ కాదది. రైఫిల్ అయితే చెళ్ళున కొట్టినట్టుంటుంది. ఇది బరువైన చప్పుడు... చెవికన్నా ముందు పొట్టకి తెలిసే చప్పుడు. నలభై అయిదు కాలిబర్ పెద్ద రివాల్వర్. అందులో మూడువందల నలభై గ్రెయిన్ల బరువున్న సీసం గుండు.

ఆ గుండు పోసింది అతను. ఆ తూటా నింపింది అతను!

"కాల్చేసింది..." పైకే అంటాడు ఆర్విడ్. "దేవుడా! ఒకటి కాల్చేసింది!"

రెండోది పేలదు.

ఆ సంగతి మోంటానా రాష్ట్రం మొత్తం మీద అతనొక్కడికే తెలుసు.

కాల్చింది మార్లిస్. పోయిన అన్నగారి కూతురు. ఈ లోయలో దొంగ వేటని అరికట్టే అధికారి, గేమ్ వార్డెన్. దొంగ వేటగాడొకడు ఎలుగుబంట్లని చంపి, అమ్ముకోవడానికి పిత్తాశయం కోసుకుని, మిగతాదంతా ఈగలకి వదిలేసి పోతున్నాడు. వాడి వెనకే ఒంటరిగా టామరాక్ వాగులోకి దిగింది. అరగంట కిందట పోలీసు రేడియో స్కానర్‌లో ఆర్విడ్ ఆమె గొంతు విన్నాడు. తోడు మనుషులు రావడానికి నలభై నిమిషాలు పడుతుందన్నారు. ఆమె ఆగనంది. ఫోన్ చేస్తే కలవలేదు. వంతెన దాటితే ఈ కొండల్లో ఎవరి ఫోనూ కలవదు.

చెళ్! చెళ్!

ఈసారి రైఫిల్. రెండు సార్లు.

సీటు మీదున్న కొత్త తూటాల పెట్టె లాక్కుని ఆర్విడ్ పరిగెత్తుతాడు. డెబ్భై రెండేళ్ళు. మోకాళ్ళు రెండూ అరిగిపోయాయి. అయినా పరిగెత్తుతాడు. లార్చ్ చెట్లు రాల్చిన పసుపు సూది ఆకుల మీద బూట్లు జారుతున్నాయి. కొమ్మ తగిలి టోపీ ఎగిరిపోతుంది. పోనీ!

సగం కొండ ఎక్కాక గుర్తొస్తుంది.

తూటాలు తెచ్చాడు... రివాల్వర్ తేలేదు!

ఒక్క క్షణం ఆగి చేతిలో పెట్టె వంక చూస్తాడు. ఏడవాలో నవ్వాలో తెలియదు. నలభై ఏళ్ళు తుపాకులతో బతికిన మనిషి, తుపాకీ ఇంట్లో మర్చిపోయి యాభై తూటాలు చంకన పెట్టుకుని యుద్ధానికి వచ్చాడు.

ఇదీ నీ బతుకు, ఆర్విడ్! ఇలాగే కదా అదీ మర్చిపోయావు!

అదేమంత పెద్ద తప్పు కాదు. అర తిప్పు. అంతే.

సీసం కరిగించడంలో తప్పు లేదు. తగరం పాళ్ళు సరిగ్గానే కలిపాడు. గరిటెతో అచ్చులో పోశాడు, తెరిచి చల్లనీళ్ళలోకి జారవిడిచాడు. చుయ్‌మంటూ ఒక్కొక్కటీ గట్టిపడింది. తుపాకీ మందు తూచి పోశాడు. గుండు దించాడు. కానీ ఇత్తడి గొట్టం మూతిని గుండు చుట్టూ గట్టిగా నొక్కి పట్టాలి కదా... ఆ నొక్కే మరని అంతకు ముందు రోజు అర తిప్పు వదులు చేసుకున్నాడు, అట్టబొమ్మల మీద కాల్చుకునే తేలిక తూటాల కోసం. మళ్ళీ బిగించడం మర్చిపోయాడు.

బరువైన గుండుకి ఆ పట్టు లేకపోతే మొదటి దెబ్బ పేలుతుంది. బ్రహ్మాండంగా పేలుతుంది! ఆ విసురుకి తుపాకీ వెనక్కి గుంజుకుంటుంది. మిగతా గుండ్లు మాత్రం గొట్టాల్లోంచి ముందుకి జారి, తూటాలుండే సిలిండర్ బయటికి ముక్కులు పెట్టేస్తాయి. ఇక సిలిండర్ తిరగదు. సుత్తి లేవదు. చేతిలో ఉన్నది ఇనప ముద్ద!

ఎలుగు మీదికొస్తున్నప్పుడో... మనిషి గురి పెట్టినప్పుడో.

ఆదివారం మార్లిస్ ఆ యాభై తూటాలూ పట్టుకెళ్ళింది. గురువారం మర ముందు కూర్చున్నప్పుడు ఆర్విడ్‌కి తెలిసింది. వెంటనే ఫోన్ చేశాడు కూడా.

"ఏం బాబాయ్?" అంది మార్లిస్.

నోటిదాకా వచ్చింది. బయటికి రాలేదు.

"ఏం లేదమ్మా... పైన మంచు పడుతుందట. చలి కోటు వేసుకో."

సిగ్గు! ఈ లోయలో 'ఆర్విడ్ తూటా' అంటే మారుమాట లేదు. పోయినేడు తుపాకీ క్లబ్బులో కొత్తవాడొకడు మందు పోయకుండా తూటా మూసేస్తే, పదిమందిలో నిలబెట్టి కడిగేశాడు. అలాంటివాడు, కన్నకూతురిలాంటి పిల్లకి ఫోన్‌లో "నేను మర్చిపోయానమ్మా" అనలేకపోయాడు. శనివారం వస్తుందిగా, మాటల్లో మాటగా పెట్టె మార్చేద్దాం అనుకున్నాడు.

ఇవాళే శనివారం.

గట్టు మీదికి పాకి తల ఎత్తుతాడు.

కింద వాగు. ఒడ్డున చచ్చిపడిన ఎలుగు. పడిపోయిన చెట్టు మొద్దు వెనక మోకాళ్ళ మీద మార్లిస్. బతికే ఉంది! రెండు చేతుల్లో రివాల్వర్. ముప్పై గజాల అవతల పెద్ద బండ, దాని వెనక రైఫిల్ గొట్టం.

"ఏయ్ వార్డెనమ్మా!" బండ వెనక గొంతు. "ఒక్కటి కాల్చి ఊరుకున్నావేం? అయిపోయాయా?"

మార్లిస్ పలకదు. కాల్చదు.

ఇరుక్కుపోయింది... సిలిండర్ ఇరుక్కుపోయింది!

రైఫిల్ గొట్టం కదులుతుంది. వాడు బండ చాటున పక్కకి పాకుతున్నాడు. ఇంకో పది గజాలు పాకితే మొద్దు చాటు ఆమెకి చాలదు.

పారిపో అంటే పారిపోదు. తండ్రి మొండితనం మొత్తం పుణికి పుచ్చుకుంది. నిజం చెబితేనే కదులుతుంది. నిజం అరిస్తే... వాడూ వింటాడు!

ఆరు గజాలు.

నాలుగు.

ఆర్విడ్ లేచి నిలబడతాడు. రెండు చేతులూ పైకెత్తి గట్టు మీంచి బాహాటంగా దిగుతాడు.

"మార్లిస్! వెనక వాగులోకి దూకు! అది పేలదు!"

రైఫిల్ గిర్రున అతని వైపు తిరుగుతుంది.

"ఎవడ్రా నువ్వు?"

"మూతి బిగించలేదమ్మా!" ఆర్విడ్ ఇంకో అడుగు దిగి అరుస్తాడు. "ఆ పెట్టె మొత్తం! నేనే మర్చిపోయాను! గురువారమే తెలిసింది... సిగ్గేసి చెప్పలేదు! నన్ను క్షమించు తల్లీ, దూకు!"

వాగు చప్పుడొకటే.

తర్వాత నవ్వు.

"ఓహో!" వాడు లేస్తాడు. ఎర్ర గడ్డం, నెత్తుటి చేతులు. తుపాకుల సంగతి తెలిసినవాడే. "సిలిండర్ పట్టేసిందన్నమాట! నాకెందుకు చెప్పావు తాతా? నీ పిల్లని నువ్వే పట్టిచ్చావుగా!"

బండ చాటు వదిలి బయటికొస్తాడు. తీరిగ్గా. రైఫిల్ భుజానికెత్తుతాడు.

"ముందు నువ్వు..."

ఆర్విడ్ కళ్ళు మూసుకుంటాడు. తనకే తగలనీ. ఆ పిల్లకి కాదు... తనకే!

క్లిక్!

ఆ చప్పుడు అతనికి బాగా తెలుసు. సుత్తి లేచే చప్పుడు. సిలిండర్ తిరిగి ఆగే చప్పుడు. అది జరిగే పని కాదే!

ధన్!

కళ్ళు తెరిచేసరికి ఎర్ర గడ్డం వాడు నేల మీద ఉన్నాడు. భుజం పట్టుకుని అరుస్తున్నాడు. రైఫిల్ నీళ్ళలో పడింది. మార్లిస్ వాడి వీపు మీద మోకాలు పెట్టి బేడీలు వేస్తోంది.

ఆర్విడ్ కాళ్ళు ఈడ్చుకుంటూ దగ్గరికొస్తాడు.

"పేలింది..."

"పేలుతుంది బాబాయ్." మార్లిస్ తల ఎత్తదు. వాడి భుజానికి గుడ్డ గట్టిగా చుడుతోంది. "వాడు చాటు వదలడం లేదని కాల్చకుండా కాచుక్కూచున్నాను. నీ మాట విని బయటికొచ్చాడు."

"కానీ నేను బిగించలేదే!"

"నేను బిగించాను. ఆదివారం ఇంటికెళ్ళగానే. యాభయ్యీ."

"నీకెలా తెలిసింది?"

"బొటనవేలితో నొక్కితే గుండు లోపలికి పోయింది. నొక్కి చూడకుండా ఎవరి తూటానీ నింపకు అని నేర్పింది నువ్వే కదా?"

ఆర్విడ్ ఆమె పక్కనే కూలబడతాడు.

"మరి... ఒక్క మాట చెప్పొచ్చుగా నాతో?"

మార్లిస్ చేతులు ఆగుతాయి. ఇప్పుడు చూస్తుంది అతని మొహంలోకి. ఆ చూపులో కోపం ఉన్నా తట్టుకునేవాడు. లేదు.

"ఇది మొదటిసారి కాదు బాబాయ్."

"ఎన్నాళ్ళుగా?"

"రెండేళ్ళు."

దూరంగా సైరన్ మొదలవుతుంది.

"ఇంకా ఎవరెవరికి తెలుసు?"

మార్లిస్ బేడీల తాళం మళ్ళీ ఒకసారి లాగి చూస్తుంది, అది ఎప్పుడో పడినా.

"అడుగుతున్నాను కదా! ఎవరెవరికి?"

"అందరికీ," అంటుంది మెల్లిగా. "అందరం నీ దగ్గర తీసుకుంటాం బాబాయ్. ఇంటికెళ్ళి మళ్ళీ బిగించుకుంటాం."