చౌడమ్మ మూర

ఆదోని పత్తి సావుకారు వెంకటకృష్ణయ్య! ఆ పేరు తలచుకుంటే ఎమ్మిగనూరు సాలె సిద్ధప్పకు ఈనాటికీ నోట్లో ఉప్పు ఊరుతుంది. ఉమ్మేస్తాడు. మళ్ళీ ఊరుతుంది... నెత్తురు తాగే పిశాచాన్నైనా క్షమించవచ్చు, దానికి ఆకలి. కడుపు నిండా తిని, పైగా దేవత కంచంలో చెయ్యి పెట్టినవాణ్ణి ఏమనాల!

ఆ ఘోరం జరిగింది తుంగభద్ర డ్యాము కట్టిన కొత్తలో, జ్యేష్ఠ అమావాస్య నాడు, సూర్యగ్రహణం పట్టిన దుర్ముహూర్తాన. పొద్దున్నే ఆదోని కొండల మీద చీకటి కమ్మింది. గుడ్లగూబలు పట్టపగలు పత్తి గోదాము చూరు మీద కూర్చుని మూలిగినాయి. ఆకాశం పగిలేటట్టు ఉరుము! మళ్ళీ ఉరుము! వాన చుక్క మాత్రం లేదు...

ఆ గోదాము దొడ్లో, దూది దుమ్ము నడుమ, మొద్దుల మీద నిలబడి ఉంది... ఓడ!

సముద్రం మొగం చూడని ఊర్లో ఓడ! పత్తి ప్రెస్సు నడిపిన తెల్లదొర దాన్ని బొంబాయి నుంచి గూడ్సు బండి మీద తెప్పించుకున్నాడంట. మహాసాగరాలు దాటిన పాత తెరచాప ఓడ. టేకు చెక్క, ఇత్తడి కొక్కేలు, ఆకాశాన్ని పొడిచేటట్టు తెరచాప కొయ్య. దొర తన దేశం పోతూ పోతూ సావుకారుకు అమ్మేసినాడు. సావుకారు దాన్ని ఉగాది తర్వాత అమ్మకానికి పెట్టినాడు.

"ఏం సావుకారూ, పత్తి గింజల్లో నడుపుతావా దీన్ని?" అని బజారంతా నవ్వింది.

నవ్వనివాడు సిద్ధప్ప ఒక్కడే. డ్యాము కట్టినారు గదా, ఇంక ఏరు ఏడాది పొడుగునా నిండుగా పారుతుందని వాని ఆశ. మాధవరం దగ్గర జనం ఇంకా తోలు పుట్టిలో గుండ్రంగా తిరుగుతూ ఏరు దాటుతున్నారు. అంత ఓడ ఉంటే యాత్రికులు తనవాళ్ళే, బట్టల మూటలు తనవే! మగ్గం గుంటలో కాళ్ళు వేలాడేసి బతికే బతుకు తీరిపోతుంది!

"నీకేమన్నా మతి పోయిందేందప్పా?" అన్నది పెండ్లాం నీలమ్మ, ఓడ చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి. "దీని కడుపు కింద నిలువెత్తు ఇనప పలక ఉండాది. మన ఏట్లో ఎండాకాలం మోకాలు మునగదు. ఇసకలో దిగబడి దిష్టిబొమ్మ లెక్క నిలబడతాది, సూడు!"

"నోరు మూసుకో. డ్యాము కట్టింది నీకోసమా, నాకోసమా!"

సావుకారు డబ్బు అడగలేదు. హాలహర్వి కాడ సిద్ధప్ప తండ్రి ఇచ్చిపోయిన నల్లరేగడి రాయించుకున్నాడు. రాయించుకున్నాక పళ్ళు బయటపెట్టినాడు.

"తెరచాప చినిగింది సిద్ధప్పా. నూలు నేనిస్తా. నీ పెండ్లాం సేత్తో కొత్తది నేయించు. అమావాస్య నాడు మగ్గం మీద నుంచి కొయ్యాల. కాదంటే ఓడ లేదు!"

అమావాస్య నాడు సాలెవాడు మగ్గం తాకడు. నీలమ్మ కాళ్ళావేళ్ళా పడింది. సిద్ధప్ప వినలేదు. భూమి పోయింది, ఓడైనా రావాల గదా! చెయ్యి పట్టి మగ్గం గుంటలో కూర్చోబెట్టినాడు... పాపిష్టి చెయ్యి!

పోగుల నడుమ నాడె అటూ ఇటూ ఆడిన మొదటి క్షణం నుంచే ఆమె పెదవుల మీద ఉప్పు పేరుకుంది. రానురాను చూపు మారింది. ఎవరూ ఎరగని భాషలో మగగొంతుతో ఏడ్చింది. ఒక సాయంకాలం భళ్ళున వాంతి చేసుకుంది... ఉప్పునీళ్ళు! ఆ నీళ్ళలో చచ్చిన గవ్వలు!! ఎమ్మిగనూరులో సముద్రపు గవ్వలు!!

ఐనా ఆ నేతలో ఒకటి తప్పలేదు. కొత్త పడుగు వేసేటప్పుడు దాని నిలువు పోగులను పాత పడుగు కొసలకు ఒక్కొక్కటిగా, వేళ్ళకు బూడిద అద్దుకొని, మెలిపెట్టి అతకాల. తాత పోగుకు తండ్రి పోగు, తండ్రి పోగుకు కొడుకు పోగు. ఆ వంశతంతువు ఎన్నడూ తెగదు. ఆ ముడులున్న మొదటి మూర గుడ్డ అంగడికి పోదు. అది చౌడమ్మది. సాలెల తల్లి చౌడమ్మది!

అమావాస్య పొద్దున మగ్గం మీద నుంచి కోసి, పట్టీలు కలిపి తెరచాపగా కుట్టి, గుడ్డను బండి మీద వేసుకొని, మాట పడిపోయిన నీలమ్మను పక్కన కూర్చోబెట్టుకొని సిద్ధప్ప గోదాముకు వచ్చినాడు. సావుకారు ఇనప గజంతో గుడ్డ కొలిచినాడు.

"మూర తక్కువ!"

"అది ముడుల మూర సావుకారూ, తెగని పోగు. విడిగా ఎత్తిపెట్టినా. అమ్మది."

"ఏ అమ్మరా? నూలు కొన్నది నీ అమ్మనా, నేనా? తే! కుట్టు దాన్ని కూడా! మూర తగ్గితే ఓడా లేదు, భూమీ లేదు!"

సిద్ధప్ప బండిలోంచి ఆ మూర తీసి కండ్లకు అద్దుకున్నాడు. ఐనా కుట్టినాడు. తెరచాపను కొయ్యకు కట్టేదానికి ముగ్గురూ ఓడ ఎక్కినారు.

సూర్యబింబాన్ని రాహువు మింగుతున్నాడు! సావుకారు తల మీది పాగా, ఒంటి మీది అంగీ విప్పి పారేసినాడు. నొసట రక్తకుంకుమ, మెడలో ఎముకల మాల! ఓడ మీద హోమగుండం భగ్గున లేచింది. తెరచాప కొయ్య మొదట్లో పలక ఎత్తితే... కపాలం! నడిసముద్రంలో మునిగి చచ్చినవాని కపాలం!

"హ్రీం... హ్రీం... ఫట్! లేవరా జలపిశాచమా! ఈ సాలెదాని ప్రాణమే నీకు గాలి! పాతాళగంగ మీద ఈ ఓడను నడుపు! జొన్నగిరి నేల కింది బంగారమంతా నా కాళ్ళ కాడ కుమ్మరించు!"

తెరచాప పైకి లేచింది. గాలి లేదు, ఐనా గర్భిణి కడుపులా ఉబ్బింది! అది ఉబ్బే కొద్దీ నీలమ్మ ఒళ్ళు పీలికవుతున్నది. బుగ్గలు పీక్కుపోయినాయి, ఊపిరి ఈల వేసింది...

"సావుకారూ! ఓడ వద్దు, భూమీ వద్దు! నా పెండ్లాన్ని ఇడిసిపెట్టు!"

"ఎంత సేపురా, గ్రహణం ఇడిసే లోపల అదే ఇడిసిపోతాది!" వికటాట్టహాసం! గుడ్లగూబలు కూడా బెదిరి ఎగిరినాయి.

సిద్ధప్ప కొయ్య మొదట్లో కుప్పకూలినాడు. కండ్ల ముందర తెరచాప అడుగు అంచు ఆడుతున్నది. తాను కుట్టిన ముడుల మూర! దాని కొసన ఒక పోగు విడి వేలాడుతున్నది... తాత పోగు!

సాలెవాని వేళ్ళకు బుద్ధి చెప్పనక్కర లేదు. హోమగుండంలో చెయ్యి పెట్టినాడు. చర్మం కాలి కమురు వాసన! బూడిద తీసినాడు. నీలమ్మ చీర కొంగులోంచి ఒక పోగు లాగినాడు. ఆ పోగుకు ఈ పోగు... మెలిపెట్టి... అతికినాడు!

"తల్లీ చౌడమ్మా!!"

ఉరుము ఆగింది. ఉబ్బిన తెరచాప ఒక్కసారి చప్పబడింది. కపాలం టప్పున రెండు ముక్కలైంది. నీలమ్మ లేచింది. మగగొంతు లేదు. ఏడుపు లేదు. కండ్లు హోమాగ్నికంటే ఎర్రగా...

"నా మూర యాడ రా?"

సావుకారు తెరచాప అడుగు అంచు చూపించినాడు. "త... తల్లీ... ఈడే ఉండాది... తీసుకో..."

"ఊరికే ఎట్ల తీసుకుంటారా యాపారీ! కొలిచి ఇయ్యి! నీ గజంతోనే కొలిచి ఇయ్యి!"

వాడు గజం పెట్టినాడు. కొలిచినాడు. మూర ఐపోలేదు! మళ్ళీ పెట్టినాడు. గుడ్డ వస్తూనే ఉంది! కొలిచిన గుడ్డ కాళ్ళ చుట్టూ, నడుము చుట్టూ చుట్టుకుంది. తాతలూ ముత్తాతలూ నేసిన ముడులన్నీ బుసబుసమంటూ కదిలి వచ్చినాయి. సచ్చినా కొలవడం ఆపడే! చేతులకు ఆ తల్లి ఆజ్ఞ!

"సిద్ధప్పా! కొయ్యరా! కత్తెర తేరా! నీ భూమి నీకు రాసిస్తా రా..."

"తెగదు సావుకారూ," అన్నాడు సిద్ధప్ప. "మా పోగు తెగదు. నీకు పొద్దున్నే సెప్పినా గదా!"

గుడ్డ వాని నోటి దాకా వచ్చింది. ఆ తర్వాత కేక ఒక్కటే... అదీ దూదిలో మునిగినట్టు మునిగింది. సిద్ధప్ప నీలమ్మను ఎత్తుకొని కిందికి దూకినాడు. మొద్దులు విరిగినాయి. ఆ గట్టి నేల బురదలా నోరు తెరిచి ఓడను మింగింది. ముందు ఇనప పలక, తర్వాత టేకు చెక్క, చివరికి తెరచాప కొయ్య! పైన ఉప్పునీళ్ళు ఒక్క క్షణం బుడగలు తేలి ఇంకిపోయినాయి. గ్రహణం విడిచింది.

"ఇంటికి పోదాం పా," అన్నది నీలమ్మ, మామూలు గొంతుతో. "నోరంతా ఉప్పగా ఉండాది."

ఆదోని నిండా ఒకటే మాట పుట్టింది, సావుకారు కాశీ పోయినాడని. పుట్టించింది కొడుకులు. సిద్ధప్ప పోయి భూమి అడిగితే పెద్దకొడుకు నవ్వినాడు.

"యాపారం యాపారమే సిద్ధప్పా. ఓడ నీకు అమ్మినట్టే గదా? యాడుందో నువ్వే ఎతుక్కో పో!"

చౌడమ్మ తన మూర తాను కొలిపించుకుంది. సాలెవాని నేలను కొలిచి తిరిగి ఇప్పించే దేవత ఏ కచేరీలోనూ లేదు! సావుకారు కొడుకులు ఈ యేడు కూడా అందులో పత్తి వేసినారు. హాలహర్వి వాగు పక్కన, నల్లరేగడి, మూడెకరాల పద్దెనిమిది సెంట్లు.