అందుకునే గొంతు

"జొన్నకంకి మీది పిట్టా, నీ గూడేడనే..."

ఇంతవరకే యాదికున్నది. చిన్నప్పుడు మా ఊరు ధన్నూరలో మంచె మీద నిలబడి పిట్టలను తోలుకుంట ఇద్దరం పాడేవాళ్లం. పిట్టను అడిగే వంతు నాది. పిట్టయి జవాబు చెప్పే వంతు మా చెల్లె తబితాది. ఆ జవాబే మరిచిపోయిన. చెల్లె తొమ్మిదేండ్లకే జ్వరంతో పోయింది. అటెన్క ఆ పాట నేను ఎన్నడూ ఎత్తుకోలేదు. అరవై దాటినంక నా మనుమరాలు లీయా నాతో అక్షరాలు దిద్దించింది. అప్పుడు రాసి చూద్దామనుకుంటే, ఒక్క వరుస దగ్గరే కలం ఆగింది.

పోయిన శనివారం మధ్యాహ్నం లీయా నన్ను బీదర్‌లో మా చర్చికి తోలుకపోయింది. పిల్ల ఊరి బయట కొల్హార్ దిక్కు ఒక కంపెనీలో పని చేస్తది, ఆదివారం ఆరాధనలో గిటారు వాయిస్తది. అంతకుముందు ఆదివారం పాట నడుమ గిటారు ఒక్కసారిగా గర్జించేసరికి చంటిపిల్లలు జడుసుకొని ఏడ్చిండ్రు. "ఇంకొక్కసారి ఇట్లయితే గిటారు బందే, బిడ్డా" అన్నడు సంఘపెద్ద ఏసప్ప. ఆ పూట లీయా అన్నం ముట్టలేదు.

ఆమె కాళ్ల దగ్గర గిటారు సప్పుడు మార్చే రెండు బటన్ల పెట్టె ఉంటది. వాటికి పట్టీ అంటించి పేర్లు రాసింది నేనే. ఒకటి "సాఫు", ఇంకొకటి "మోత". సాఫు నొక్కితే తీగె మోగినట్టే వినిపిస్తది. మోత నొక్కితే గరగరమని చీలుతది.

"రెండిటికీ వాల్యూమ్ వేరువేరు, అవ్వా. నువ్వు ఆఖరు బెంచీల కూసో. మోత ఎక్కువైతే చెయ్యి దించు, తక్కువైతే ఎత్తు. సమానమైతే అరచెయ్యి చూపియ్యి."

"నా చెవుల మీద అంత నమ్మకమా?"

"నేను ఫోన్ల గుసగుసలాడినా నీకే వినొస్తది గదా!"

బయట మొగులు కమ్మింది. లోపల తడిసిన సున్నం వాసన, పాత పాటల పుస్తకాల వాసన. ఇద్దరమే ఉన్నం.

సాఫు వాయించింది. బావిలో గులకరాయి వేసినట్టుంది. మోత నొక్కింది. నా కింద బెంచీ అదిరింది. చెయ్యి దించిన. లీయా స్పీకర్ డబ్బా మీది మర కొంచెం తిప్పింది. మళ్లీ సాఫు, మళ్లీ మోత. మళ్లీ చెయ్యి దించిన.

"మోతతోని గిదే తిప్పలు. చిన్న సప్పుడును గూడ పెద్దగ చేస్తది. ఊపిరిని గూడ" అని గొణిగి మర మీదికి వంగింది.

ఊరికే కూసోలేక, ఎన్నడూ ఎత్తుకోని ఆ వరుస నా నోటి నుంచి దానంతటదే వచ్చింది. మెల్లగా.

"జొన్నకంకి మీది పిట్టా, నీ గూడేడనే..."

డబ్బాలో బుసబుస ఒక్కసారి ఆగి మళ్లీ మొదలైంది. తర్వాత...

"గూడు కూలె, గూడు కూలె... నీ గొంతులోన ఉంట."

లీయా చేతులు తీగెల మీద లేవు.

ఎండిన జొన్నచొప్ప వాసన గుప్పుమన్నది. నేను చెయ్యి దించిన. ఆమె మర తిప్పింది. బుస తగ్గింది. ఆ గొంతు తగ్గలేదు. ఇంకా దించిన. మర ఆఖరుదాకా తిరిగింది.

తగ్గలేదు.

లీయా వైరు పీకేసింది. డబ్బా మీది ఎర్రలైటు ఆరిపోయింది. పాట ఆగలేదు... నా అరచెయ్యి మాత్రం దానంతటదే లీయా దిక్కు తెరుచుకున్నది.

"ఏంది సమానం, అవ్వా?" లీయా పీకిన వైరు చూపించింది. "డబ్బా బందయింది గదా..."

"నేను పాడుతలేను, బిడ్డా" అనబోయిన. మాటకు బదులు పాటే వచ్చింది. గొంతు మీద చెయ్యి వేసుకున్న. వేళ్ల కింద ఏదో అదురుతాంది.

"అవ్వా..." లీయా గుసగుసగా అన్నది. "నీ లోపలికెళ్లి రెండు గొంతులొస్తున్నయి. ఒకటి చిన్నపిల్లది... రెండూ సమానంగ."

మర్నాడు ఆరాధనలో గిటారు చక్కగా కుదిరింది. సాఫు నుంచి మోతకు పోతే ఒక్క చంటిపిల్ల గూడ ఉలిక్కిపడలేదు. ఏసప్ప తల ఊపిండు. సంఘమంతా లేచి పాడింది. నేను మాత్రం కొంగు నోట్లో కుక్కుకొని కూసున్న. లీయా వాయించుకుంటనే నా గొంతు దిక్కు చూస్తాంది.

ఆ జ్వరం నాటి పొద్దుగూకేళ తబితా నన్ను పాట అడిగింది. "ఊకో, పిల్లను పండనియ్యి" అన్నది అమ్మ. నేను ఎత్తుకోలేదు. తెల్లారేసరికి చెల్లె లేదు. ఆ రాత్రి ఆఖరుకు నా చెయ్యి పట్టుకొని తను అన్న మాట ఇదే.

"నువ్వు మొదలువెట్టక్కా. ఎప్పుడు మొదలువెట్టినా సరే... నేను అందుకుంట."