తొలిమాట పెట్టె

విశాఖపట్నంలో ఇప్పుడు ఎవరైనా మోటార్ సైకిల్ మీంచి పడితే, చుట్టుపక్కలవాళ్లు పరుగెత్తుకొచ్చి చేసే మొదటి పని వాడి నోరు మూయడం. లేవదీయరు, నీళ్లు తాగించరు, "దెబ్బ తగిలిందా?" అని అడగనే అడగరు. అడిగితే వాడు జవాబు చెబుతాడు. జవాబు చెబితే వాడి ఆపరేషన్ పోతుంది. అందుకని ఒకరు అరచేత్తో నోరు నొక్కిపడతారు, ఇంకొకరు పైకి అంకెలు చదువుతారు. తొంభై దాకా. మిగతా మర్యాదలన్నీ ఆ తరవాతే.

పై ఊళ్లనుంచి వచ్చినవాళ్లు ఇది చూసి హడలిపోతారు. ఇదేం పద్ధతిరా బాబూ అని బుగ్గలు నొక్కుకుంటారు. ఈ పద్ధతి మొదలుపెట్టింది గరికిన నూకరత్నం అనే చేపలమ్మే మనిషి. ఆమె చేత మొదలుపెట్టించింది మాత్రం అగ్గిపెట్టెంత యంత్రం ఒకటి. దాని పేరు తొలిమాట.

ఆ యంత్రం ఎందుకు పుట్టిందో చెప్పాలి. ఒకప్పుడు రోడ్డు మీద పడ్డవాడికి, తప్పు ఎవరిదో తేలితే తప్ప ఇన్సూరెన్స్ వచ్చేది కాదు. కుక్క అడ్డొచ్చి పడ్డవాడూ ఇసుకలో జారినవాడూ ఎవరి మీద కేసు వేస్తాడు? కుక్క మీద వేస్తాడా? అందుకని ప్రభుత్వం నో-ఫాల్ట్ కవర్ అని కొత్త చట్టం తెచ్చింది. ఎవరి తప్పూ లేకుండా బండి పడి గాయపడితే కోర్టు లేదు, పోలీసు లేదు, ఆ రోజే ఆపరేషన్. మంచి చట్టమే. కానీ కంపెనీలకు గుబులు పట్టుకుంది. ఇంట్లో మెట్ల మీంచి దొర్లినవాడు కూడా బండి మీంచి పడ్డానంటే ఏం చెయ్యాలి?

ఆ గుబులుకు మందు కనిపెట్టినవాడు డాక్టర్ త్రివిక్రమరావు. మెదడు మీద పరిశోధన చేసిన శాస్త్రజ్ఞుడు. ఆయన చెప్పింది ఇది: మనిషికి హఠాత్తుగా షాక్ తగిలితే మెదడులో అబద్ధం అల్లే భాగం తొంభై సెకన్లపాటు మొద్దుబారిపోతుంది. అప్పుడు నోటినుంచి వచ్చేది అచ్చమైన నిజం. ఆ తరవాత బంధువులొస్తారు, లాయర్లొస్తారు, మాట మారుతుంది. తొలిమాటను హ్యాండిల్ కింద బిగిస్తారు. బండి పడగానే దాని సెన్సర్ మేలుకుంటుంది, మైక్రోఫోన్ తెరుచుకుంటుంది. బండి యజమాని గొంతు దానికి ముందే తెలుసు. ఆ గొంతునే తొంభై సెకన్లు వింటుంది. "చచ్చాన్రా దేవుడా" అంటే దెబ్బ తగిలినట్టు. అసలేమీ మాట్లాడకపోతే స్పృహ తప్పినట్టు. రెండు విధాలా కవర్ మంజూరు.

ప్రయోగాలు ఎక్కడ చేశారయ్యా అంటే, ఏసీ లాబ్‌లో, కుర్చీలో కూర్చోబెట్టిన వాలంటీర్లకు కరెంటు ముట్టించి. బండి మీంచి తారు రోడ్డు మీద పడ్డవాడు ఆ లాబ్‌లో ఒక్కడూ లేడు. ఉంటే చెప్పేవాడు. మోకాలి చిప్ప పగిలినా మనవాడు ముందు ప్యాంటు దులుపుకుంటాడు. "ఏం కాలేదు, ఏం కాలేదు" అంటాడు. నలుగురూ చూస్తున్నారని సిగ్గు కొంత, చూసేవాళ్లు కంగారుపడతారని జాలి కొంత. దీన్ని మన ఇళ్లల్లో మర్యాద అంటారు. తొలిమాట దీన్ని వాంగ్మూలం అంది.

నూకరత్నం పడింది మాఘమాసంలో. బండి వెనక ఐసు పెట్టె నిండా కవ్వళ్ల చేపలు వేసుకుని భీమిలి రోడ్డు మీద వస్తుంటే, మలుపు దగ్గర సముద్రపు గాలి పోసిన ఇసుకలో చక్రం జారింది. తుంటి ఎముక విరిగిన చప్పుడు ఆమెకే వినబడింది. రోడ్డు పక్కన ఉడకబెట్టిన వేరుశెనక్కాయలమ్ముకునే పోలమ్మ అది చూసి గుండెలు బాదుకుంటూ వచ్చింది. పోలమ్మకు అరవై దాటాయి, గుండె జబ్బు కూడా ఉంది. నూకరత్నం ఆమెను అప్పా అని పిలుస్తుంది, సొంత అక్క కిందే లెక్క.

"ఊరుకో అప్పా, నాకేటీ అవనేదు. ఏటీ అవనేదంటన్నాను కదా. సూడు, ఏటీ అవనేదు," అంది నూకరత్నం పళ్లు బిగించి.

మూడుసార్లు అంది. పెట్టె మూడుసార్లూ వింది.

ఆసుపత్రిలో కంప్యూటర్ కవర్ లేదు పొమ్మంది. 'గాయం ప్రమాదం తరవాత వేరే విధంగా కలిగినది' అని కాగితం చేతికిచ్చింది. నాటుకట్టు కట్టించుకుంటే ఎముక వంకరగా అతుక్కుంది. కాలు రెండంగుళాలు పొట్టిదైంది. ఆ కాలితో బండిని నిలబెట్టడం ఆమె వల్ల కావడం లేదు. చంకలో కర్ర పెట్టుకుని, నెత్తిమీద గంపతో వీధులు తిరుగుతోంది. ఈ నెలలోగా మళ్లీ కోసి సరిచేస్తే నడక వస్తుందనీ, నెల దాటితే తన వల్ల కాదనీ పెద్ద డాక్టరు చెప్పాడు. అప్పీలు శుక్రవారం ఉంది. దాని మీద సంతకం పెట్టవలసింది త్రివిక్రమరావే.

నూకరత్నం ఏడుస్తూ కూర్చునే రకం కాదు. మంచం మీంచి లేవగానే పేటపేటకూ తిరిగి చెప్పింది. పడితే నోరెత్తకండర్రా అంది. పడ్డవాడికి ఆ తెలివి ఉండదు గనక పక్కవాళ్లు మూయండి అంది. నెల తిరిగేసరికి గాజువాక నుంచి భీమిలి దాకా అందరి చేతులకూ ఆ అలవాటు పట్టింది. పైవాళ్లకు చెప్పకూడదన్నది కూడా అలవాటైంది.

అదిగో, ఆ మౌనమే త్రివిక్రమరావును ఊళ్లోకి లాక్కొచ్చింది.

బుధవారం పొద్దున్న తొమ్మిదింటికి పోలమ్మ ఇప్పుడు పేట మొదట్లో పెట్టుకున్న తోపుడు బండి దగ్గర ఒక అద్దె స్కూటర్ ఆగింది. కొత్త హెల్మెట్, ఇస్త్రీ నలగని చొక్కా. ఆయన తన పేరు చెప్పగానే అక్కడే ఉన్న నూకరత్నం గంప దించి కర్ర నేలకు గట్టిగా ఆనించింది.

"ఐదు నెలల్లో ఈ ఊళ్లో నాలుగు వందల ప్రమాదాలు జరిగాయమ్మా. ఒక్కరూ ఒక్క మాట మాట్లాడలేదు," అన్నాడాయన, కళ్లు మెరుస్తుంటే. "ప్రపంచంలో ఇంకెక్కడా ఇలా లేదు. ఇక్కడి మెదళ్లలో ఏదో విశేషం ఉంది. బహుశా మీరు తినే చేపల్లో ఉందేమో. నాకు కొన్ని శాంపిల్స్ ఇస్తారా?"

పోలమ్మకు నవ్వు ముంచుకొచ్చి కొంగు నోట్లో కుక్కుకుంది. నూకరత్నానికి నవ్వు రాలేదు.

"మీరెప్పుడైనా బండి మీంచి పడ్డారేటి బాబూ?"

"లేదమ్మా."

"నాను పడ్డాను. గరికిన నూకరత్నం. మీ డబ్బాలో నా మాట ఉంటాది సూడండి."

ఆయన టాబ్లెట్ తీసి వెతికాడు. దొరికింది. చదువుతుంటే ఆయన ముఖంలో ఇబ్బంది కనిపించింది, కానీ అనుమానం కనిపించలేదు. "మూడుసార్లు 'ఏటీ అవనేదు' అన్నారు. నిజం అయ్యే అవకాశం తొంభై ఎనిమిది శాతం. నేను మిమ్మల్ని అబద్ధాలకోరు అనడం లేదమ్మా. మీరు ఆ క్షణంలో నిజమే చెప్పారంటున్నాను."

"మరి ఈ కాలేటి? నానే ఇంటికెల్లి రోకలెట్టి ఇరగ్గొట్టుకున్నానా?"

పోలమ్మ ముందుకొచ్చింది. "బాబూ, నాను సూసినాను. దాని కాలు అడ్డంగా తిరిగిపోయింది. నాను ఏడుస్తన్నానని నన్ను ఊరుకోబెట్టడానికి అన్నదది. మడిసన్నాక అలా అంటాది కాదా?"

"మీరు స్నేహితురాలు కదండీ. ప్రేమతో చెప్పే మాటను శాస్త్రం లెక్కలోకి తీసుకోలేదు." ఆయన స్కూటర్ హ్యాండిల్ నుంచి తన పెట్టెను ఊడదీసి చూపించాడు. "ఈ బొత్తాం నొక్కితే ఎప్పుడైనా వింటుంది. పడక్కర్లేదు. దీనికి మొహమాటం లేదు, పక్షపాతం లేదు," అంటూ దాన్ని మళ్లీ హ్యాండిల్ కింద బిగించాడు.

"అయితే ఉండండి, ఈ కాయలమ్ముడవగానే అది పడ్డ సోటు సూపిస్తాను. ఎంత దూరం ఈడుసుకెల్లిపోయిందో మీ కళ్లతో సూద్దురుగాని," అంది పోలమ్మ.

"ఎందుకప్పా! ఈయనకి కళ్లుంటే కదా," అని నూకరత్నం గంప ఎత్తుకుంది. ఒళ్లంతా మండిపోతోంది. అరిస్తే శుక్రవారం సంతకం పోతుందని తెలుసు. అరవకుండా ఉండలేననీ తెలుసు. అందుకే వెనక్కి తిరిగి చూడకుండా పేటలోకి వెళ్లిపోయింది.

గంట తరవాత ఖాళీ గంపతో మలుపు దగ్గరికొచ్చేసరికి ధడేలుమన్న చప్పుడు, వెంటనే రోడ్డు మీద లోహం గీసుకుపోయిన చప్పుడు వినబడ్డాయి. అదే ఇసుక. అద్దె స్కూటర్ మురుగునీళ్ల గెడ్డ మీది కల్వర్టు గోడను గుద్ది పడి ఉంది. త్రివిక్రమరావు రోడ్డు మీద వెల్లకిలా పడి ఉన్నాడు. చెయ్యి మోచేతి దగ్గర వంగకూడని వైపుకు వంగింది. ఆయన తల ఎత్తి నోరు తెరిచాడు.

వదిలెయ్యవచ్చు. "నాకేం కాలేదు" అననివ్వవచ్చు. ఆ ఆలోచన నూకరత్నానికి రాలేదని చెబితే అబద్ధం. కానీ చేతులకు పట్టిన అలవాటు ఆలోచన కంటే ముందు వెళ్లింది. కర్ర విసిరేసి, ఆయన పక్కన కూలబడి, చేపల నీచు వాసన పోని అరచేత్తో నోరు మూసింది. అవసరమైన దానికంటే గట్టిగానే మూసింది. అందులో సుఖం ఉంది. ఎనిమిది నెలల కోపం ఆ చేతిలోకి వచ్చింది.

"మాటాడకండి బాబూ. మీ మంచికే. ఒకటి... రెండు..."

చుట్టూ పదిమంది చేరారు. అందరూ కలిసి అంకెలు అందుకున్నారు. ఆయన గింజుకున్నాడు. బాగున్న చెయ్యి వెనక్కి చాచి గోడ వైపు చూపించాడు. "బండికేటీ కానేదు, ఊరుకోండి," అంది నూకరత్నం. ఆయన తల అడ్డంగా విదిలించాడు. ముప్పై. నలభై. ఆమె అరచెయ్యి కొరికాడు, నెత్తురొచ్చింది. ఆమె చెయ్యి తియ్యలేదు. ఆయన కళ్లల్లోంచి నీళ్లు కారుతుంటే నొప్పి అనుకుంది. నాకూ ఇలాగే నొప్పెట్టింది నాయనా అనుకుంది. అరవై. డెబ్భై. ఆయన కాళ్లు నేలకేసి కొడుతున్నాడు. ఒకతను జాలిపడి కాళ్లు పట్టుకున్నాడు.

తొంభై.

హ్యాండిల్ కింద పెట్టె తియ్యని ఆడగొంతుతో పలికింది: "మాట లేదు. ఎవరి తప్పూ లేదు. మీ కవర్ మంజూరైంది. త్వరగా కోలుకోండి."

చెయ్యి తీయగానే త్రివిక్రమరావు అరిచాడు. "వెనక! నా వెనక కూర్చుంది! ఆ పెద్దావిడ... పోలమ్మ గారు... గెడ్డలో పడిపోయింది!"

నూకరత్నం పొట్టికాలితో, కర్ర లేకుండా, ఆ గోడ ఎలా దాటిందో చూసినవాళ్లు ఇప్పటికీ చెప్పలేరు. కింద తుంగ గడ్డిలో, మోకాల్లోతు నల్లటి నీళ్లల్లో, పోలమ్మ బోర్లా పడి ఉంది. కుర్రాళ్లు దిగి పైకి మోసుకొచ్చారు. పొట్ట నొక్కితే నోట్లోంచి మురికినీళ్లు వచ్చాయి. చివరికి కళ్లు తెరిచింది. తన మీద వంగి గుండెలు బాదుకుంటున్న మనిషిని పోల్చుకుంది.

"ఊరుకోయే గుంటా," అంది, గాలిలాంటి గొంతుతో. "ఏడవకు. నాకేటీ అవనేదు."

ఆ కళ్లు అలాగే ఉండిపోయాయి. నూకరత్నం ఆమె చెంపలు తట్టింది, అరికాళ్లు రుద్దింది, ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. ఆ తరవాత తన అరచెయ్యి చూసుకుంది. దాని మీద ఆయన పళ్ల గాట్లు ఇంకా నెత్తురోడుతున్నాయి. తొంభై అంకెలు. ప్రతి అంకెనూ తన నోటితోనే చదివింది. ఎవర్ని తిట్టాలో తెలియక ముందు తన్ను తానే తిట్టుకుంది, వినేవాళ్లు చెవులు మూసుకునేలా.

తరవాత లేచింది. స్కూటర్ దగ్గరికి కుంటుకుంటూ వెళ్లి పెట్టెను పీకింది. త్రివిక్రమరావు రోడ్డు మీదే కూర్చుని పోలమ్మను చూస్తున్నాడు. విరిగిన చెయ్యి సంగతే మరచిపోయినట్టున్నాడు. నూకరత్నం బొత్తాం నొక్కి, పెట్టెను ఆయన మూతి దగ్గర పెట్టింది.

"పోలప్ప తొలిమాట ఇన్నారు కదా. మీ చెవులతోనే ఇన్నారు. నాకేటీ అవనేదంది. మీ లెక్కలో అది నిజవే గదా? తొంభై ఎనిమిది శాతం?" పెట్టెను ఇంకా దగ్గరికి జరిపింది. "సెప్పండి బాబూ. మా అప్పకేటి అయింది?"

పెట్టె వింటున్నట్టు దాని మీద చిన్న దీపం వెలిగింది. ఆయన పెదవులు కదిలాయి. చుట్టూ ఉన్న పదిమందిలో ఒకరూ ముందుకు రాలేదు. ఈసారి ఆయన నోరు ఎవరూ మూయలేదు.

తొంభై సెకన్లు గడిచాయి.

"మాట లేదు," అంది పెట్టె. "ఎవరి తప్పూ లేదు."